రెక్క అంచున గాటు

మా అత్త వెంకటనర్సమ్మ నా ఉద్యోగం గురించి ఎవరికీ చెప్పేది కాదు. ఎవరైనా అడిగితే "ఉప్పల్ల ఏదో సర్కారు ఆఫీసు" అని మాట మార్చేది. ఒకసారి మాత్రం, నేను వినడం లేదనుకుని, మల్కాజిగిరి నుంచి వచ్చిన చెల్లెలితో అంది.

"ఏం జెప్పాలె సెల్లె, నా కోడలు ఈగలకు వంట జేస్తది."

ఆమె అన్నది నిజమే. ఉప్పల్‌లో ఒక పరిశోధన సంస్థ ఉంది. అందులో రెండో అంతస్తున ఈగల గది, దాని పక్కన చిన్న వంటగది. మొక్కజొన్న పిండి, చక్కెర, ఈస్టు, గడ్డకట్టించే అగర్ పొడి పెద్ద గిన్నెలో వేసి, గరిటె ఆపకుండా తిప్పుతూ సంకటిలా ఉడికించాలి. బొటనవేలంత లావు గాజు సీసాల్లో పోసి, చల్లారాక దూది బిరడాలు పెట్టాలి. అవి అన్నం మీద వాలే ఈగలు కావు. మాగిన అరటిపండు చుట్టూ ముసిరే రకం, నువ్వు గింజంత ఉంటాయి. సీసాలో తిండి పాతబడగానే ఈగలను కొత్త సీసాలోకి మార్చి, పైన నంబరు రాయడం కూడా నా పనే.

అంతకు ముందు తొమ్మిదేళ్లు నాచారంలో ఒక కారప్పొడి కంపెనీలో చేశాను. దగ్గు పట్టుకుని మానేశాను. ఈ సంగతులు జరిగిన ఎండాకాలం నాటికి మా ఇంట్లో పనికి పోతున్నది నేనొక్కదాన్నే. మా ఆయన తిరుపతి మందుల ప్యాకింగ్ కంపెనీలో పదకొండేళ్లు చేశాడు. దసరా ముందు కంపెనీ ఊరి అవతలికి మారింది. వెంట తీసుకుపోయే వాళ్ల జాబితాలో ఆయన పేరు లేదు. ఎందుకు లేదని అడిగితే "లేదు, గంతే" అన్నాడు. అప్పటి నుంచి మంచం మీద కూర్చుని ఫోన్ చూస్తూ ఉండేవాడు. ఫోన్‌లో ఏం లేకపోయినా చూస్తూనే ఉండేవాడు.

ఈగల గదిలో నాకు దగ్గరైన మనిషి దీప. కీసర పక్క పల్లె పిల్ల. వాళ్ల నాన్న ఆగయ్య కూరగాయలు పండిస్తాడు. దీప పీహెచ్‌డీ మొదలుపెట్టి ఆరో సంవత్సరం నడుస్తోంది. మొదట్లో మేడం అని పిలిస్తే, "మా పెద్దక్క లెక్క ఉన్నవు, నన్ను మేడం అంటవేంది అక్కా" అంది. అప్పటి నుంచి దీపమ్మా అనేదాన్ని.

మార్చిలో ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టింది. మత్తులో పడుకున్న ఈగ ఒకటి పిచ్చుకంత కనబడింది.

"రెక్క చూడు అక్కా."

"చివర్ల ఎవరో కొరికినట్టున్నది."

"ఎవరు కొరకలె. అట్లనే పుట్టింది." ఆమె పక్కకు స్టూలు లాక్కుంది. "ఒంట్ల కణాలు గోడకు గోడ ఆనుకున్న ఇండ్ల లెక్క ఉంటయ్. పక్కదాన్ని ముట్టుకుని ఒకటి చెప్తది, నేను అంచునైత, నువ్వు నడుమ ఉండు అని. ఆ మాట సగమే వినవడ్డదనుకో, రెక్క అంచు పూర్తిగ పెరగదు. గిట్ల గాటు వడ్తది."

"మరి గీ నాలుగు వందల సీసాలేంది?"

"ఒక్కో సీసాల ఈగలు ఒక్కో జన్యువును తగ్గిస్తయ్. గాటున్న ఈగలతోటి వీటిని జత కలుపుతున్న. పిల్లలకు రెక్క నిండుగ వచ్చిందనుకో, ఆ మాటకు అడ్డం వడుతున్నది గదేనని తెలుస్తది."

"తెలిస్తే?"

"మనుషులల్ల గూడ గిదే మాట నడుస్తది అక్కా. కొన్ని రక్తం కాన్సర్లల్ల ఇది హద్దు దాటుతది. అడ్డం వడేదేందో ఎరుకైతే, ఎన్నడన్న ఎవరన్న మందు గురించి ఆలోచన జేస్తరు. నేను బతికుండంగ కాకపోవచ్చు."

ఆమె ఆ మాట బాధగా అనలేదు. బస్సు కొంచెం ఆలస్యంగా వస్తుందన్నట్టు అంది.

ఆ రోజు నుంచి పని అయిపోయాక నేను కూడా మైక్రోస్కోప్ దగ్గర కూర్చునేదాన్ని. గాటున్నవి ఒక పక్క, లేనివి ఒక పక్క, సన్నటి కుంచెతో జరపడం తొందరగానే అలవాటైంది. దానికన్నా నాకు నచ్చింది కళ్ల రంగు. ఒక్కో సీసాలో ఈగల కళ్లు ఒక్కో రంగులో ఉండేవి. కొన్ని కొమ్ము పసుపు, కొన్ని నారింజ, కొన్ని గుంటూరు కారం, కొన్ని పాతబడి నల్లబారిన కారం. కారం కంపెనీలో మూతి విప్పగానే ఏ బస్తా సరుకో చెప్పగలిగిన కళ్లు నావి. ఆ నాలుగు వందల సీసాల్లో సగం సీసాల రంగులు నాకు తెలియకుండానే మనసులో పడిపోయాయి.

ఏప్రిల్‌లో ఒక శనివారం ఉప్పల్ స్టేడియంలో క్రికెట్ మ్యాచ్. పొద్దుటి నుంచే రోడ్లు కిక్కిరిసిపోయాయి. దీప ఊరికి పోయింది. నేను సీసాలు కడిగి వచ్చేసరికి ఈగల గదిలో ఏసీ కింద నీళ్లు ధార కట్టి కారుతున్నాయి. కింద ఉన్నది రెండు వందల నంబరు నుంచి మూడు వందల నంబరు వరకు సీసాలున్న ట్రే. గిరిధర్ సార్‌కు ఫోన్ చేశాను. గది బాధ్యత ఆయనదే.

"నేను అంబర్‌పేట్‌ల ఇరుక్కున్న రాణమ్మా. ముందు ట్రే పక్కకు తియ్యి. సీసాలు తుడువు."

తీశాను. ఒక్కొక్కటే తుడిచి బల్ల మీద వరసగా నిలబెట్టాను. పదిహేనో ఇరవయ్యో సీసాల మీద చీటీలు నాని, సిరా కారిపోయింది. కొన్ని చదవగలిగాను. కొన్నిటికి ట్రేలో ఎక్కడున్నాయో గుర్తు చేసుకుని కొత్త చీటీలు రాసి అంటించాను. రెండు సీసాలు చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాను. రెండిటి మీదా మొదటి అంకె రెండు మిగిలింది, పక్కన ఒకటి, ఏడు అంకెలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి రెండు వందల పదిహేడు, ఇంకోటి రెండు వందల డెబ్బై ఒకటి. ఏది ఏదో తెలుసనుకున్నాను. రాసేశాను.

సార్ వచ్చాక చెప్పాను. "చీటీలు తడిసినయ్ సార్. మళ్ల రాసిన."

"మంచిగ జేసినవ్" అని ఏసీ వాడికి ఫోన్ చేయడంలో పడ్డాడు.

మే మొదటి వారంలో దీప వంటగదిలోకి పరుగెత్తుకొచ్చింది. గిన్నె పొయ్యి మీద ఉంది, వదిలి రానంటే ఆమే పొయ్యి ఆర్పేసింది.

"అక్కా, రా, రా. రెండు వందల పదిహేడు."

చూశాను. ఒకటి, రెండు, పది, ముప్పై ఈగలు. అన్నిటికీ రెక్కలు నిండుగా, అంచు గుండ్రంగా, కొత్త గాజు ముక్కలా ఉన్నాయి. గాటు ఒక్కదానికీ లేదు.

"ఐదేండ్లు అక్కా" అంది దీప. వెంటనే వాళ్ల నాన్నకు ఫోన్ చేసింది. అవతల ఆగయ్య పొలంలో ఉన్నట్టున్నాడు, మోటారు చప్పుడు వినబడింది. "బాపూ, దొరికింది" అంటే, "ఏం పోయిండెనే?" అన్నాడాయన. ఇద్దరం నవ్వాం.

ఆ సాయంత్రం ఆమె పంచిన మిఠాయి ఇంటికి తెచ్చాను. ఈగల గదిలో పెట్టిన డబ్బా కాదు కదా అని అత్త రెండుసార్లు అడిగి, తర్వాత రెండు తిన్నది.

ఆ నెలంతా దీప ఆ జన్యువు మీదే పడింది. దాని గురించి ఎవరెవరు ఏం రాశారో చదివింది. జూన్ నెలాఖరున ఆమె పనిని పరీక్షించే పెద్దల ముందు నిలబడి చెప్పాలి. ఆమె ఫెలోషిప్ కూడా ఆ నెలతోనే ఆఖరు. పుణెలో ఒక సభకు పేరు పంపింది. ఆ అమ్మాయి నడక కూడా మారిపోయింది.

మే చివర్లో ఒక పొద్దున నన్నడిగింది. "అక్కా, రెండు వందల పదిహేడుల ఇంక జత కట్టని ఆడియి కావాలె. జర ఏరిపెడ్తవా?"

పుట్టి కొద్ది గంటలైనా కాని ఈగలనే ఏరాలి. సీసా వంచి, మత్తు పట్టించి, మైక్రోస్కోప్ కింద పరిచాను. కళ్లు ఎర్రగా ఉన్నాయి. గుంటూరు కారం.

నా చెయ్యి ఆగింది. రెండు వందల పదిహేడు కళ్లు కొమ్ము పసుపు రంగు. మార్చిలో చూశాను. ఈ నెల రోజుల్లో ఆ సీసా ఈగలను విడిగా నేను ఎప్పుడూ మైక్రోస్కోప్ కింద పరిచి చూడలేదు, చూసిందంతా జత కలిపిన పిల్లలనే. ఈగలు ముసలివైతే కళ్ల రంగు ముదురుతుందని దీపే చెప్పింది. కానీ ఇవి ఆ పొద్దున పుట్టినవి, రెక్కలు ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు.

రెండు వందల డెబ్బై ఒకటి తీసి చూశాను. పసుపు.

ప్రతి సీసాకు ఇంకొక నకలు కింది అంతస్తులో చల్లటి గదిలో ఉంటుంది. ఆ గదికి నేను పోవడం నెలకొకసారే. ఆ రోజు ఏదో వంక చెప్పి పోయి చూశాను. అక్కడ రెండు వందల పదిహేడు పసుపు, రెండు వందల డెబ్బై ఒకటి కారం. నీళ్లు కారిన రోజు నేను రాసిన చీటీలు తారుమారయ్యాయి. దీప ఐదేళ్లు వెతికి పట్టుకున్న రెక్క ఏ జన్యువుదో, ఆమె నెల రోజులుగా చదువుతున్న జన్యువు ఏదో, రెండూ వేరు. ఆ సంగతి భూమ్మీద నాకొక్కదానికే తెలుసు.

చెప్పలేదు. ఏరినవి ఏరినట్టు సీసాలో పోసి ఇచ్చాను. జూన్ ఆఖరుకు మా కాంట్రాక్టు మళ్లీ రాయాలి. పోయినేడు ఈగల సీసాలను వెచ్చగా ఉంచే పెట్టె తలుపు సరిగ్గా వేయలేదని ఒకామెను తీసేశారు. నేను పోతే ఇల్లెట్లా అన్నది ఒక ఆలోచన. దీప ముఖం ఇంకొక ఆలోచన. మూడు రోజులు ఆమెను చూసి నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ నాకు గుర్తొస్తే సిగ్గేస్తుంది.

నాలుగో పొద్దున నల్లా వచ్చింది. బిందె నిండి, పొర్లి, వాకిలంతా పారుతోంది. నేను చూస్తూ నిలబడ్డాను. తిరుపతి మంచం మీద నుంచి లేచి వచ్చి నల్లా కట్టేశాడు.

"ఏమైంది నీకు? మూడొద్దుల సంది సూస్తున్న."

నెలల తర్వాత ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. అంతా చెప్పేశాను. ఈగలు, రెక్క, చీటీ, కళ్ల రంగు. ఆయన ఎక్కడా ఆపలేదు.

"సీటీల్నేనా తప్పు" అన్నాడు చివరికి. అరుగు మీద కూర్చున్నాడు. "మా కంపెనీల గోలీల పెట్టెల మీద తేదీ తప్పు వడ్డది, పోయిన వానకాలం. నేనే సూసిన. సూపర్‌వైజర్‌కు జెప్పిన. పూటంత లైను ఆపిన్రు. తప్పు జేసింది నేను గాదు, చెప్పింది నేను. జాబితాల నా పేరు ఎందుకు లేదనుకున్నవ్?"

"గిన్ని నెలలు నాకెందుకు చెప్పలె?"

"నోరు మూసుకుని ఉంటే అయిపోతుండె గద అంటవనుకున్న."

నిజం చెప్పాలంటే, ఆ మాట విన్న మొదటి క్షణం నాకు అదే అనిపించింది. ఆయన నా ముఖంలో చూసే ఉంటాడు.

"మరిప్పుడు నన్నేం జెయ్యమంటవ్?" అన్నాను.

ఆయన తడిసిన కాళ్ల వైపు చూసుకున్నాడు. "ఆ పెట్టెలు బయటికి పోలె. ఎవని ఇంటికి పోయేటియో, పోలె. గదొక్కటి యాది జేసుకుంట కూసుంటున్న ఇన్నొద్దులు." లేచి, "ఎన్ని గంటలకొస్తది ఆ పిల్ల?" అన్నాడు.

"తొమ్మిదింటికి."

లోపలికి పోయాడు. బట్టల కింద నుంచి తెల్ల చొక్కా తీసి, ఇస్త్రీ పెట్టె వేడి చేయడం మొదలుపెట్టాడు. అత్త వంటింట్లోంచి తొంగి చూసి, "యాడికిరా?" అంది.

"ఉప్పల్ దాంక. రాణితోటి."

దసరా తర్వాత ఆయన మా గల్లీ దాటి వెళ్లడం అదే మొదలు. గేటు దగ్గర ఆగి, "నేనీడనే ఉంట" అన్నాడు.

దీప కంప్యూటర్‌లో బొమ్మలు సర్దుతోంది. నేను నిలబడే చెప్పాను. మొదట ఆమెకు అర్థం కాలేదు.

"వయసైతే కండ్లు ముదురుతయ్ అక్కా. గదంతే."

"పొద్దుగాల పుట్టినయే చూసిన దీపమ్మా. కింది గదిల గూడ చూసిన."

ఆమె లేచి రెండు గదుల సీసాలూ తెచ్చింది. ఒకదాని తర్వాత ఒకటి చూసింది. చూడటం అయిపోయాక కూడా మైక్రోస్కోప్ మీద నుంచి తల ఎత్తలేదు.

"నీకు ఎరుకై ఎన్నొద్దులాయె?"

"మూడు."

"మూడొద్దులు" అంది. అని బయటికి వెళ్లిపోయింది.

గంట తర్వాత విజయభాస్కర్ సార్ గదిలోకి అందరినీ పిలిచారు. ఆ ప్రయోగశాలకు పెద్ద ఆయనే. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. గిరిధర్ సార్ ముందే అందుకున్నాడు. "కాంట్రాక్టర్‌కు చెప్పి వేరే మనిషిని పెట్టిద్దాం సార్. గింత నాజూకు పనిల ఇట్లయితే ఎట్ల?"

పెద్దసారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "చీటీలు మళ్లీ రాశానని ఆ రోజు ఈమె మీకు చెప్పిందా, గిరిధర్?"

"చెప్పింది సార్."

"మీరు సరిచూశారా?"

గిరిధర్ సార్ చేతిలోని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"దీపా, నువ్వు?"

"లేదు సార్. నంబరు చూసి తీసుకున్న. గంతే."

"నేను కూడా అడగలేదు. ఫలితం బాగుందని సంతోషపడ్డాను." ఆయన నా వైపు తిరిగారు. "కింద నకళ్లు ఉన్నాయి కదా. వాటితో మొదటి నుంచి మళ్లీ చేద్దాం. ఈసారి ఏ సీసా ఏదో లెక్కపెట్టే వాళ్లకు తెలియకూడదు. అమ్మా, ఆ కళ్ల రంగు మీకెలా గుర్తుంది?"

"కారం కంపెనీల తొమ్మిదేండ్లు జేసిన సార్."

ఆయన తల ఊపారు. నా ఉద్యోగం ఉంటుందనీ అనలేదు, పోతుందనీ అనలేదు.

సాయంత్రం గేటు దగ్గరికి పోతే తిరుపతి అక్కడే ఉన్నాడు. మధ్యాహ్నపు ఎండలో చెమటకు చొక్కా నలిగిపోయింది. "చెప్పినవా?" అంటే, "చెప్పిన" అన్నాను. దారిలో చెరకు రసం తాగించాడు.

ఈగ గుడ్డు నుంచి రెక్కలు వచ్చే దాకా పది రోజులు. గిరిధర్ సార్ నాలుగు రకాల జతలు కలిపి, సీసాల మీద నంబర్ల బదులు క, ఖ, గ, ఘ అని రాసి, ఏది ఏదో కాగితం మీద రాసి కవరులో పెట్టి పెద్దసారుకు ఇచ్చాడు. వాటిలో ఒకటి రెండు వందల పదిహేడు, ఒకటి రెండు వందల డెబ్బై ఒకటి, మిగతా రెండు పోల్చి చూడటానికి. రెండిటిలో ఏదీ కాకపోవచ్చు కూడా, మొదటిసారి కనబడింది ఏదో అదృష్టం కావచ్చు అని పెద్దసారు అన్నారు.

ఆ పది రోజులు దీప నాతో పని మాటలే మాట్లాడింది. టీకి వంటగదిలోకి రాలేదు. పుణెకు పంపిన పేరు వెనక్కి తీసుకుంది. పెద్దల సమావేశం వాయిదా కోరుతూ ఉత్తరం రాసింది. నేను సంకటి వండాను, సీసాలు నింపాను, ప్రతి చీటీ రెండుసార్లు పైకి చదివాను. తిరుపతి రోజూ నాతో బస్సెక్కి, ఉప్పల్‌లో దిగి, పని అడుక్కుంటూ హబ్సిగూడ దాకా నడిచేవాడు.

ఆరో రోజు సీసా గోడల మీదికి పురుగులు పాకడం మొదలైంది. నేను చూస్తుంటే దీప వచ్చి పక్కన నిలబడింది.

"నువ్వు చెప్పని ఆ మూడొద్దులల్ల నేను ఇంక ఇరవై జతలు కలిపిన అక్కా. పొద్దుమాపు ఈడనే ఉన్న. గందుకే మస్తు కోపమొచ్చింది."

"రావాలె" అన్నాను. "నాకే నా మీద వచ్చింది."

ఆమె సీసా వెలుతురుకు ఎత్తి చూసింది. "మంచిగ తింటున్నయ్. ఈసారి సంకటి మెత్తగ కుదిరింది" అంది. ఆ మధ్యాహ్నం టీకి వచ్చింది.

మృగశిర కార్తె నాడు ఈగలు బయటికి వచ్చాయి. పొద్దున బయలుదేరేటప్పుడు అత్త చేపల కోసం సంచి పట్టుకుని మార్కెట్‌కు పోతూ, "జల్ది రా, పులుసు సల్లారుతది" అంది.

లెక్కపెట్టేది నేనూ దీపా. ప్రతి సీసా ఈగలను ముందు నేను, తర్వాత ఆమె లెక్కపెట్టాలి, ఒకరి లెక్క ఒకరికి చెప్పుకోకూడదు. చెరో మైక్రోస్కోప్ ముందు కూర్చున్నాం. క సీసా, అన్నిటికీ గాటు. ఖ, గాటు. గ సీసా తెరిచి పరిచాను. మొదటి ఈగ రెక్క నిండుగా ఉంది. రెండోది నిండుగా ఉంది. రెండిటినీ కుంచెతో ఒక పక్కకు జరిపాను. తొంబై రెండు ఈగలు లెక్కపెట్టాను. ఎనభై తొమ్మిదింటికి నిండు రెక్క. ఘ సీసాలో మళ్లీ అన్నీ గాటువే.

కాగితాలు రెండూ పెద్దసారు పక్కపక్కన పెట్టారు. దీప గ సీసాలో తొంబై ఒకటి లెక్కపెట్టింది, నాకన్నా ఒకటి తక్కువ. నిండు రెక్కలు ఇద్దరికీ ఎనభై తొమ్మిదే. ఆయన కవరు చింపారు.

"గ అంటే రెండు వందల డెబ్బై ఒకటి."

దీప కంప్యూటర్ దగ్గరికి పోయి ఆ జన్యువు గురించి వెతికింది. రెండు వందల పదిహేడు గురించి అయితే వందల పరిశోధన కాగితాలున్నాయట, చాలామంది చేసిన పని. డెబ్బై ఒకటి మీద ఏమీ రాలేదు. ఇంకోలా వెతికింది. ఏమీ రాలేదు. ఆ జన్యువుకు పేరు కూడా లేదు, ఒక సంఖ్య మాత్రం ఉంది.

"ఎవరు చూడలె సార్ దీన్ని" అంది మెల్లగా. "ఎవరు ముట్టనే లేదు."

పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలారు. "అయితే నీ ఫెలోషిప్ ఆరు నెలలు ఎక్కువ అడగడానికి మనకు మంచి కారణం దొరికింది" అన్నారు.

దీప నా వైపు చూసింది. కళ్లు తడిగా ఉన్నాయి. "అక్కా, లెక్కల నీకు ఒకటెక్కువ వచ్చింది."

"నీ ఈగ ఒకటి కుంచెకు అంటుకుని ఉంటది" అన్నాను. చూస్తే నిజంగానే అంటుకుని ఉంది.

ఆ తర్వాతి సంగతులు తొందరగా జరిగాయి. ఆరు నెలలు ఇచ్చారు. కాంట్రాక్టు కాగితం వచ్చింది, నాతో సంతకం పెట్టించుకుంటూ గిరిధర్ సార్ ఇబ్బందిగా గొంతు సవరించుకుని, "ఇగ చీటీలు ఇద్దరం కలిసి చూద్దం రాణమ్మా, ఒకరు చదివితే ఒకరు రాసుడు" అన్నాడు. తిరుపతికి హబ్సిగూడలో ఒక రక్తపరీక్షల కేంద్రంలో పని దొరికింది. వచ్చిన నమూనాల మీద పేరూ నంబరూ సరిచూసే పని. పాత పని ఎందుకు పోయిందని అక్కడి పెద్దావిడ రత్నకుమారి అడిగితే, ఈయన దాచకుండా చెప్పాడట. ఆమె రేపటి నుంచి రమ్మందట.

జూన్ నెలాఖరున ఒక ఆదివారం దీప సంచి నిండా వంకాయలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. వానకు ముందు ఉబ్బగా ఉంది. అత్త మొదట కొంచెం దూరంగానే కూర్చుంది. తర్వాత ఉండబట్టలేక అడిగింది.

"ఏం సదువు బిడ్డ నీది? ఈగల సదువా?"

దీప ఓపిగ్గా చెప్పింది, గోడకు గోడ ఆనుకున్న ఇండ్ల దగ్గర నుంచి. అత్త వంకాయలు కోస్తూ వింది. తిరుపతి కూడా గడప మీద కూర్చుని వింటున్నాడు.

"మాకు దొరికినదానికి ఇంక పేరు లేదమ్మా. పట్టుకున్నోళ్లే పెట్టుకోవచ్చు. సార్ నన్ను ఆలోచన జెయ్యమన్నడు. నేను అక్కను అడుగుదమని వచ్చిన."

"నన్నా?" అన్నాను. "రెక్క అని పెడితే?"

"రెక్క అది చెయ్యదు అక్కా. అది ఆపుతది."

"సూపర్‌వైజర్ అని పెట్టున్రి" అన్నాడు తిరుపతి. ఆయన నవ్వించడానికి మాట అనడం విని ఎన్నాళ్లయిందో. అత్త కూడా కొడుకు వైపు తలెత్తి చూసింది.

"ఆగురా నువ్వు" అంది. కత్తిపీట పక్కకు జరిపింది. "ఈ ఇంట్ల మాట ఆ ఇంట్లకు పోకుండ నడుమ ఆపుతదంటున్నవు గద?"

"అవునమ్మా."

"దాన్ని తీస్తే మాట పోతది."

"పోతది."

"అయితే గడియ. తలుపుకు వెట్టే గడియ. గంత సదువుకున్నరు, గిదేం పెద్ద పని?"

దీప నోట్లో ఆ మాట రెండుసార్లు అనుకుని చూసింది. గడియ. ఫోన్ తీసి రాసుకుంది. ఆ పేరు నిలుస్తుందో లేదో ఇప్పటికీ తెలియదు. ఇంకా ఎన్నో పరీక్షలు చేయాలి, కాగితం రాయాలి, ఎక్కడెక్కడివాళ్లో చదివి ఒప్పుకోవాలి. కానీ మా గదిలో మేమందరం దాన్ని అదే పేరుతో పిలుస్తున్నాం. తెలుగు రాని పిల్లలు కూడా నోరు తిప్పుకుని అదే అంటున్నారు.

అన్నాలకు కూర్చునేసరికి వాన మొదలైంది. అత్త దీపకు వడ్డిస్తూ, ఏదో అడగాలన్నట్టు ఆగింది.

"మరి ఆ నిండు రెక్కలొచ్చిన ఈగలు మంచిగ ఎగురుతున్నయా?"

"మస్తు ఎగురుతున్నయ్ అమ్మా. మూత తీస్తే పట్టుకునుడు కష్టమైతుంది."

"గంతే గద కావాల్సింది" అంది అత్త. అని దీప పళ్లెంలో ఇంకొక గరిటె వంకాయ కూర వేసింది.